ముక్కు కొలిచారు, రక్తం చదివారు

1970 నాటి అమెరికా జనాభా లెక్కల్లో భారతదేశం నుంచి వెళ్లినవాళ్లు తెల్లవాళ్లు. 1980 లెక్కలు వచ్చేసరికి వాళ్లే ఆసియన్లు. మధ్యలో ఒంటి రంగు మారలేదు, రక్తం మారలేదు. ఫారంలో ‘ఏషియన్ ఇండియన్’ అని కొత్త గడి ఒకటి చేరింది, అంతే. 1965లో వలస చట్టం సడలాక తెలుగు నేల నుంచి అక్కడికి వెళ్లి స్థిరపడిన డాక్టర్లు ఒకే జన్మలో రెండు జాతులకు చెందారన్నమాట. అంతకుముందు 1930, 1940 లెక్కల్లో ‘హిందూ’ అన్నదే ఒక జాతి పేరు. కాలిఫోర్నియాలో సేద్యం చేసుకుంటున్న పంజాబీ సిక్కులు, ముస్లింలు కూడా ఆ ఫారాల్లో హిందూ జాతి కిందికే వచ్చారు.

కోర్టుల్లో సంగతి ఇంకా విచిత్రం. అప్పట్లో విదేశాల నుంచి వచ్చినవాళ్లలో తెల్లవాళ్లకు, ఆఫ్రికా సంతతివాళ్లకు మాత్రమే అమెరికా పౌరసత్వం దొరికేది. తకావో ఒజావా అనే జపనీయుడు, తన ఒళ్లు చాలామంది యూరోపియన్లకంటే తెల్లగా ఉందని 1922లో సుప్రీంకోర్టుకు విన్నవించుకున్నాడు. రంగు ముఖ్యం కాదు, కాకేసియన్ జాతివాడివై ఉండాలి పొమ్మంది కోర్టు. మూడు నెలలు తిరిగేసరికి భగత్ సింగ్ థింద్ కేసు వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన పంజాబీ అతను. తాను ఉన్నత కులపు ఆర్యుణ్ణి, మానవశాస్త్ర గ్రంథాల లెక్కన కాకేసియన్‌ని, కాబట్టి తెల్లవాణ్ణేనని వాదించాడు. 1923 ఫిబ్రవరి 19న తీర్పు వచ్చింది: శాస్త్రగ్రంథాలు ఏం చెబితే మాకేం, మామూలు మనిషి నిన్ను తెల్లవాడనుకోవాలి కదా! రెండు తీర్పులూ రాసింది ఒకే న్యాయమూర్తి, జార్జ్ సదర్లాండ్.

ప్రభుత్వాలు, కోర్టులు తమకు తోచినట్టు గీతలు గీశాయన్నది ఇంతటితో తేలిపోతుంది. తేలనిది దాని వెనక ఉన్న ప్రశ్న. ఆ గీతల కింద ప్రకృతి ముందే గీసిపెట్టిన గీత ఏదైనా ఉందా? మనుషుల్లో జాతులనేవి నిజంగా ఉండి, వాటిని గుర్తించడంలో మాత్రమే మనుషులు తప్పటడుగులు వేశారా? జన్యుశాస్త్రం ఇందులో సగానికే జవాబివ్వగలదు. తేడాలు ఎన్ని, ఎక్కడెక్కడ, ఎప్పటివి అన్నది ల్యాబు చెబుతుంది. ఎలాంటి తేడాల కట్టను ‘జాతి’ అని పిలవడం సబబు అన్నది మాత్రం తర్కానికి, తత్త్వానికి సంబంధించిన వ్యవహారం. ఆ వ్యవహారం భారతీయ దార్శనికులకు కొత్తదేమీ కాదు.

మనుషుల్ని ప్రకృతిశాస్త్రం గడుల్లో పెట్టడం స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్‌తో మొదలైంది. 1735లో ఆయన మానవులను ఖండాల వారీగా నాలుగు రకాలు చేశాడు. 1758 నాటి కూర్పులో ఒక్కో రకానికి ఒక్కో స్వభావం కూడా అంటగట్టాడు. జర్మనీలోని గోటింగెన్‌లో పుర్రెలు సేకరించిన బ్లూమెన్‌బాక్ 1795 నాటికి ఆ నాలుగింటిని ఐదు చేశాడు. తన దగ్గరున్న పుర్రెల్లో ఆయనకు అన్నిటికన్నా అందంగా తోచింది కాకసస్ పర్వతాల వైపు జార్జియా నుంచి వచ్చిన ఒక స్త్రీ పుర్రె. యూరోపియన్లకు ‘కాకేసియన్’ అనే పేరు స్థిరపడటం వెనక ఆ పుర్రె ఉంది. నూట ముప్ఫై ఏళ్ల తర్వాత థింద్ కోర్టులో పట్టుకున్న ఆధారం ఇదే.

ఈ కొలతల పిచ్చి మద్రాసుకూ చేరింది. మద్రాసు ప్రభుత్వ మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గార్ థర్‌స్టన్ కాలిపర్లు, టేపులు పట్టుకుని దక్షిణాది అంతా తిరిగాడు. వయనాడ్‌లో పణియ స్త్రీలు ఆయన్ని చూసి పారిపోయారట. తమలో చక్కగా ఉన్నవాళ్లను ఏరి, గడ్డి కూరి, మ్యూజియంలో నిలబెడతాడని వాళ్ల భయం. ఈ ముచ్చట ఆయనే రాసుకున్నాడు. ఆ కొలతలన్నీ 1909లో వెలువడిన ఏడు సంపుటాల గ్రంథంలో తెలుగు కులాల వివరాల పక్కనా కనిపిస్తాయి. 1901 జనాభా లెక్కల కమిషనర్ హెర్బర్ట్ రిజ్లీకి అన్నిటికన్నా ఇష్టమైన కొలత నాసికా సూచి: ముక్కు వెడల్పును పొడవుతో భాగించి నూరుతో హెచ్చవేస్తే వచ్చే అంకె. ముక్కు ఎంత సన్నమైతే కులం అంత పైమెట్టు మీద ఉంటుందని ఆయన సిద్ధాంతం.

ఆ సిద్ధాంతాన్ని దాని అంకెలతోనే పడగొట్టినవాడు అంబేడ్కర్. 1948లో అంటరానివారి పుట్టుక గురించి రాసిన పుస్తకంలో ఆయన నాసికా సూచి పట్టికలను ప్రాంతాల వారీగా ముందేసుకుని చూశాడు. ఒకే ప్రాంతపు బ్రాహ్మణుడికీ అంటరానివాడికీ ముక్కు కొలతలు దగ్గరదగ్గరగా ఉన్నాయి. ఒక ప్రాంతపు బ్రాహ్మణుడికీ దూరప్రాంతపు బ్రాహ్మణుడికీ మధ్య అంత దగ్గరతనం లేదు. బ్రాహ్మణుడు ఆర్యుడైతే అంటరానివాడూ ఆర్యుడే, అతను ద్రావిడుడైతే ఇతనూ ద్రావిడుడే అని లెక్క తేల్చాడు. అంతకు పన్నెండేళ్ల ముందు, 1936లోనే, పంజాబ్ బ్రాహ్మణుడికి మద్రాసు బ్రాహ్మణుడితో జాతిపరంగా ఏం చుట్టరికమని ఆయన నిలదీశాడు.

ముక్కుల కాలం పోయి ప్రోటీన్ల కాలం వచ్చాక, 1972లో జన్యుశాస్త్రవేత్త రిచర్డ్ లెవాంటిన్ మరో లెక్క కట్టాడు. రక్తంలోని గ్రూపులు, ప్రోటీన్లకు సంబంధించిన 17 జన్యువులు తీసుకుని, ప్రపంచ జనాభాలో ఉన్న మొత్తం వైవిధ్యాన్ని భాగాలు పంచాడు. అందులో 85.4 శాతం ఏ ఒక్క జనసమూహంలోనైనా లోపలే ఉంది. ఒకే జాతిగా లెక్కించే జనసమూహాల మధ్య 8.3 శాతం. జాతికీ జాతికీ మధ్య మిగిలింది 6.3 శాతం. జాతి అనే వర్గీకరణకు జన్యుపరంగా విలువ లేదని ఆయన తీర్పు. ఆ తర్వాత లక్షల జన్యు గుర్తులతో చేసిన పరిశోధనల్లోనూ ఈ నిష్పత్తి పెద్దగా చెదరలేదు.

కథ ఇక్కడితో అయిపోయిందని చాలామంది అనుకుంటారు. అవలేదు. 2003లో కేంబ్రిడ్జి గణాంకవేత్త ఏ.డబ్ల్యూ.ఎఫ్. ఎడ్వర్డ్స్ ఒక లొసుగు పట్టుకున్నాడు. ఒక్కో జన్యువును విడిగా చూస్తే తేడా స్వల్పమే. కానీ వందల గుర్తుల్ని కలిపి చూస్తే, ఏవి ఏవితో జతగా వస్తాయన్న సమాచారం పోగుపడి, ఒక మనిషి పూర్వీకులు ఏ ఖండం వాళ్లో దాదాపు తప్పు లేకుండా చెప్పేయవచ్చు. 2005లో అమెరికా, తైవాన్‌లలో 3,636 మంది మీద జరిగిన అధ్యయనంలో తమ జాతి ఇదని వాళ్లు చెప్పుకున్నదీ, కంప్యూటర్ డీఎన్ఏ చూసి విడదీసిన గుంపూ ఐదుగురి విషయంలో తప్ప అందరిలో సరిపోయాయి. మనుషులంతా 99.9 శాతం ఒకటేనని 2000 జూన్‌లో వైట్‌హౌస్‌లో జీనోమ్ ముసాయిదా ప్రకటించినప్పుడు వినిపించిన మాట కూడా ఈ వాదనకు అడ్డురాదు. మిగిలిన 0.1 శాతమే ముప్ఫై లక్షల అక్షరాలు. పూర్వీకుల జాడ దాచుకోవడానికి ఆ చోటు చాలా ఎక్కువ.

జాతి లేదని గట్టిగా నమ్మేవాళ్లు ఈ ఫలితాల దగ్గర తడబడతారు, ఉందని నమ్మేవాళ్లు పొంగిపోతారు. ఇద్దరూ 2002లో నోవా రోజెన్‌బర్గ్ బృందం చేసిన పరిశోధన దగ్గర కాస్త ఆగాలి. ప్రపంచంలోని 52 సమూహాల నుంచి 1,056 మంది, 377 గుర్తులు. వీళ్లను ఇన్ని గుంపులుగా విడదీయి అని ప్రోగ్రాముకు ముందే సంఖ్య ఇవ్వాలి. ఐదు అంటే ఆఫ్రికా ఒకటి, యూరప్ నుంచి దక్షిణాసియా దాకా ఒకటి, తూర్పు ఆసియా, ఓషియానియా, అమెరికా ఆదివాసులు ఒక్కొక్కటి వచ్చాయి. బ్లూమెన్‌బాక్ ఐదింటిని తలపిస్తోందని పత్రికలు రాసుకున్నాయి. మరి ఆరు అంటే? ఆరో గుంపుగా విడివడింది పాకిస్తాన్‌లోని చిత్రాల్ లోయల్లో ఉండే కలాష్‌లు, కొన్ని వేలమంది జనం! వాళ్లను ఆరో మానవజాతి అనడానికి ఎవరికీ నోరు రాదు. కొండల్లో ఒంటరిగా, తమలో తాము పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చినందువల్ల విడిగా కనిపిస్తున్నారంటారు. కలాష్‌ల విషయంలో అంత తేలిగ్గా ఒప్పుకునే సంగతి మిగతా ఐదింటి విషయంలో ఎందుకు గుర్తురాదు? సముద్రాలు, ఎడారులు, హిమాలయాలు రాకపోకలను తగ్గించిన చోటల్లా తేడా కొంచెం పెరిగింది. ఆ గుంపులు ఆ అడ్డంకుల ఆనవాళ్లు. ఇంతకీ ఆ నమూనాల్లో దక్షిణాసియా తరఫున ఉన్నవన్నీ పాకిస్తాన్ సమూహాలే. భారతదేశం నుంచి ఒక్కరు కూడా లేరు.

తత్త్వం అడుగుపెట్టాల్సిన చోటు ఇదే. వర్గం అనేది వస్తువుల్లోనే ఉందా, చూసేవాడి అవసరంలో ఉందా అన్న పేచీ న్యాయదర్శనానికి చెందిన నైయాయికులకూ బౌద్ధులకూ మధ్య శతాబ్దాలపాటు నడిచింది. వర్గాలు నిజమేనని నమ్మిన నైయాయికులు కూడా నోటికొచ్చిన ప్రతి వర్గాన్నీ అంగీకరించలేదు. పదో శతాబ్దపు ఉదయనుడు అందుకు ఆరు అడ్డంకులు చెప్పాడు. అందులో ఒకటి సంకరం. రెండు ధర్మాలు ఒకదాన్ని విడిచి ఒకటి వేర్వేరు చోట్ల ఉంటూ, మరికొన్ని చోట్ల కలిసి కూడా కనిపిస్తే, ఆ రెండూ నిజమైన వర్గాలు కాలేవు. ఈ పరీక్ష మానవజాతికి పెట్టి చూస్తే ఏమవుతుంది?

సికిల్ సెల్ జబ్బునే తీసుకోవాలి. 1910లో చికాగో డాక్టర్ జేమ్స్ హెర్రిక్ దీన్ని వైద్యలోకానికి తెలిపాక చాలాకాలం అమెరికాలో ఇది నల్లజాతి జబ్బుగానే చలామణీ అయింది. 1952లో నీలగిరి ఆదివాసుల్లో కనబడింది. గ్రీసులో, అరేబియాలో ఉంది. ఆదిలాబాద్ అడవుల నుంచి మధ్యప్రదేశ్ దాకా గిరిజన గ్రామాల్లో ఉంది. దక్షిణాఫ్రికాలోని చాలామంది నల్లవాళ్లలో దాదాపు లేదు. మలేరియా ఉన్నచోట ఆ జన్యువు ఒక కాపీ ఉన్నవాడు బతికి బట్టకట్టాడు, కాబట్టి అది దోమ వెంట నడిచింది, ఒంటి రంగు వెంట కాదు. ఒంటి రంగుదీ ఇదే దారి. పశ్చిమ ఆఫ్రికావాడూ, మెలనీసియా దీవులవాడూ చూపుకు ఒకే రంగు. కానీ మొత్తం జన్యువులు పోల్చితే ఆ ఇద్దరి మధ్య దూరం ప్రపంచంలోకెల్లా పెద్ద దూరాల్లో ఒకటి. రంగు గీత ఒక దిక్కుకు, సికిల్ గీత ఇంకో దిక్కుకు, రక్తం గ్రూపుల గీత మరో దిక్కుకు పోతాయి. ఉదయనుడి కొలబద్దతో చూస్తే జాతి మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది. 1962లో అమెరికన్ మానవశాస్త్రవేత్త ఫ్రాంక్ లివింగ్‌స్టన్ వేరే దారిలో అక్కడికే వచ్చాడు. ఉన్నవి జాతులు కావు, ఒక్కో లక్షణానిదీ ఒక్కో వాలు మాత్రమేనన్నాడు.

బౌద్ధులు ఇంకా ముందుకు వెళ్లారు. దిఙ్నాగుడు ఆంధ్రదేశంలో వేంగికి దగ్గర్లోని ఒక కొండ మీద ఉండి తర్కశాస్త్రం రాశాడని చైనా యాత్రికుడు హ్యూయన్ త్సాంగ్ నమోదు చేశాడు. ఆ సంప్రదాయంలో ఏడో శతాబ్దం ప్రాంతపు ధర్మకీర్తి వాదన ఏమిటంటే, వేర్వేరు వస్తువులు ఒకే పని చేసినంత మాత్రాన వాటన్నిటిలో ఒకే తత్త్వం దూరి కూర్చుందని అనుకోనక్కర్లేదు. ఆయన చూపిన ఉదాహరణ మందుమొక్కలు. తిప్పతీగ జ్వరం తగ్గిస్తుంది, మరో మొక్కా తగ్గిస్తుంది, వాటి మధ్య వేరే బాంధవ్యం అవసరం లేదు. ఈ మాటకు జన్యుశాస్త్రం ఈమధ్య చక్కటి సాక్ష్యాలు తెచ్చింది. పెద్దయ్యాక కూడా పాలు అరిగించుకునే శక్తి యూరప్‌లో ఒక జన్యుమార్పు వల్ల, తూర్పు ఆఫ్రికా పశువుల కాపరుల్లో వేరే మార్పు వల్ల వచ్చింది. యూరోపియన్ల తెల్లదనంలో పెద్ద వాటా ఎస్ఎల్‌సి24ఏ5 అనే జన్యువుది. జీబ్రాఫిష్ అనే బుల్లిచేప మీద ప్రయోగాలు చేస్తూ 2005లో దాన్ని పట్టుకున్నారు. చైనా, జపాన్ ప్రజల తెల్లదనంలో ఆ మార్పుకు దాదాపు పాత్ర లేదు, అక్కడ పనిచేసినవి వేరే మార్పులు. భారతీయుల్లో మాత్రం యూరోపియన్లలో ఉన్న మార్పే ఉందనీ, రెండు చోట్లా దాని మూలం ఒకటేననీ హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న పరిశోధన 2013లో తేల్చింది. చర్మం రంగు నుంచి వంశం చదవబోతే ఒకచోట చుట్టాలు పరాయివాళ్లవుతారు, మరోచోట పరాయివాళ్లు చుట్టాలవుతారు.

ఇవన్నీ పండితుల గొడవలు, మనకెందుకని తోసేయడానికి వీల్లేదు. అమెరికాలో కిడ్నీ పనితీరు లెక్కించే సూత్రం ఒకటి 2009లో వచ్చింది. రక్తంలో క్రియాటినిన్ చూసి, వయసు చూసి, రోగి నల్లజాతివాడైతే వచ్చిన అంకెను 1.159తో హెచ్చవేసేవారు. లెక్క 18 వచ్చిందనుకుంటే నల్లవాడికి అది దాదాపు 21 అయ్యేది. కిడ్నీ మార్పిడి కోసం వరుసలో నిలబడాలంటే అంకె 20కి దిగాలి. అంటే ఒకే రక్తపరీక్ష తెల్లవాణ్ణి వరుసలో చేర్చి, నల్లవాణ్ణి ఇంకా టైముందని ఇంటికి పంపేది. 2021లో ఈ గుణకాన్ని తీసేసి కొత్త సూత్రం తెచ్చారు. అదే కిడ్నీ విషయంలో నిజంగా పనికొచ్చే జన్యు సమాచారమూ ఉంది. ఏపీఓఎల్1 అనే జన్యువులోని రెండు మార్పులు పశ్చిమ ఆఫ్రికా సంతతివాళ్లలో ఎక్కువ. నిద్రరోగం తెచ్చే క్రిమి నుంచి కాపాడతాయి, తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు కాపీలూ వస్తే కిడ్నీలకు ముప్పు తెస్తాయి. ఇథియోపియావాళ్లలో ఇవి దాదాపు కనిపించవు. ఫారంలో మాత్రం ఇద్దరిదీ ఒకటే గడి.

ఇంత జరిగాక కూడా తత్త్వవేత్తలు ఒక్క మాట మీద లేరు. జాతి అనేది భ్రమ, ఆ మాటనే వదిలేయాలని క్వామే ఆంథనీ అపియా 1980ల నుంచి వాదించాడు. జీవశాస్త్రంలో లేకపోయినా, పీడన చుట్టూ కట్టిన సామాజిక వాస్తవంగా ఉందంటుంది శాలీ హాస్లాంగర్. అమెరికన్లు జాతి అన్నప్పుడు నిజానికి రోజెన్‌బర్గ్ లెక్కలో వచ్చిన ఆ ఐదు గుంపులనే ఉద్దేశిస్తారు కనుక అది జీవశాస్త్ర సత్యమేనంటాడు క్వేషాన్ స్పెన్సర్. అయితే ఆ సత్యం నుంచి ఎక్కువతక్కువలేమీ పుట్టవని ఆయనే జాగ్రత్తగా చెబుతాడు. ఈ చివరి మాట విలువైనది. సమానత్వాన్ని లెవాంటిన్ శాతాలకు కట్టేస్తే, రేపు ఆ శాతం మారినప్పుడు సమానత్వమూ ఊగుతుంది. జన్యువుల్లో తేడా ఉండటం జీవశాస్త్ర విషయమనీ, సమానత్వం నీతికి చెందిన విషయమనీ జన్యుశాస్త్రవేత్త డబ్‌జాన్‌స్కీ ఎన్నడో విడదీసి చెప్పాడు.

పాళీ సుత్తనిపాతంలోని వాసెట్ఠ సుత్తంలో ఈ విభజన పాత రూపం ఒకటి ఉంది. బ్రాహ్మణుడయ్యేది పుట్టుకతోనా, నడతతోనా అని ఇద్దరు కుర్రాళ్లు వాదులాడుకుని బుద్ధుడి దగ్గరికి వెళ్తారు. గడ్డి, చెట్లు, పురుగులు, నాలుగుకాళ్ల జంతువులు, పాములు, చేపలు, పక్షులు అన్నిటికీ పుట్టుకతో వచ్చే వేరువేరు గుర్తులున్నాయని ఆయన ఒక్కొక్కటే చెప్పుకొస్తాడు. మనుషుల దగ్గర అలాంటి గుర్తు లేదంటూ జుట్టు, తల, చెవులు, కళ్లు, నోరు, ముక్కు వరసగా కొట్టేస్తాడు. రిజ్లీ పట్టుకున్న ముక్కు కూడా ఆ జాబితాలో ఉంది! మనుషుల్లో ఉన్న తేడా పిలుపులోనే అన్నది ఆయన ముగింపు. దీనికి ఎదురునిలిచిన వాదం కూడా బలమైనదే. బ్రాహ్మణత్వం కంటికి కనిపించే నిజమైన వర్గమేనని, కాకపోతే తల్లిదండ్రులెవరో తెలిశాక కనిపిస్తుందని మీమాంసకుడు కుమారిల భట్టు నిలబడ్డాడు. ముందు ఎవరో చెబితే తప్ప కనిపించనిదాన్ని కన్ను చూసిందని ఎలా అంటారన్నది బౌద్ధుల ఎదురుప్రశ్న.

పిలుపు మొదట వచ్చి, శరీరంలో గుర్తు తర్వాత ఏర్పడితే? ఈ మూడో అవకాశం పాతవాళ్ల వాదనల్లో లేదు. హైదరాబాద్‌లో అదే బయటపడింది. సీసీఎంబీ నుంచి కుమారస్వామి తంగరాజ్, లాల్జీ సింగ్, హార్వర్డ్ నుంచి డేవిడ్ రైక్ కలిసి 25 సమూహాలకు చెందిన 132 మంది డీఎన్ఏను పరీక్షించి 2009లో ఫలితాలు ప్రచురించారు. ప్రధాన భూభాగంలోని వాళ్లు పరీక్షించిన భారతీయ సమూహాల్లో దాదాపు అన్నీ రెండు ప్రాచీన జనాల కలయికే. ఎవరిలో ఏది ఎంత పాలన్నదే తేడా. ఆ కలయిక సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల కిందటి మధ్యకాలంలో జరిగిందని 2013లో లెక్కగట్టారు. ఆ తర్వాత తలుపులు మూసుకున్నాయి. ‘మనవాళ్లలోనే సంబంధం’ అన్న నియమం బిగిసింది. తెలుగు ప్రాంతపు వైశ్యుల్లో ఆ బిగింపు జాడ ప్రత్యేకంగా స్పష్టంగా కనిపించింది. రెండు మూడు వేల ఏళ్ల కిందటి కొద్దిమంది నుంచి పెరిగి, బయటినుంచి దాదాపు ఎవరినీ కలుపుకోకుండా వచ్చిన సమూహమది. 2017లో 263 దక్షిణాసియా సమూహాలను చూస్తే 81 సమూహాల్లో ఈ లక్షణం ఫిన్లాండ్ ప్రజల్లోకన్నా, అష్కెనాజీ యూదుల్లోకన్నా బలంగా ఉంది.

అయితే కులానికి జీవశాస్త్ర పునాది ఉన్నట్టేనా అని ఎవరైనా ఎగరవచ్చు. కార్యాన్ని కారణంగా పొరబడటం అంటే ఇదే. జన్యువులు వేరు కాబట్టి పెళ్లిళ్లు ఆగలేదు. పెళ్లిళ్లు ఆగాయి కాబట్టి, చిన్న గుంపులో యాదృచ్ఛికంగా ఉన్న కొన్ని మార్పులు తరతరానికీ పోగుపడ్డాయి. ఆ మార్పులు ఎవరి తెలివినీ, యోగ్యతనూ చెప్పేవి కావు. వాటిలో వైద్యులు గుర్తించినవి ఎక్కువగా జబ్బులే. అడ్డుగోడ తీసేస్తే ఆ జాడ కొన్ని తరాల్లోనే పలచబడుతుంది. అమెరికా ఫారంలోని గడులకూ ఇక్కడి కులపు గోడలకూ ఉన్న తేడా కూడా ఇందులోనే తెలుస్తుంది. ఆ గడులు జన్యువుల మీద పెద్దగా గీత పెట్టలేకపోయాయి. ఈ గోడలు వేల ఏళ్లు నిలబడి గీత పెట్టాయి.

వైశ్యుల్లో అలా పోగుపడినవాటిలో బ్యూటిరిల్‌కోలినెస్టరేస్ అనే ఎంజైమ్ లోపం ఒకటి. మామూలు రోజుల్లో దీనివల్ల ఏ ఇబ్బందీ లేదు, ఉన్నట్టే తెలియదు. ఆపరేషన్ బల్ల మీద, గొంతులోకి గొట్టం వేసేముందు కండరాలు సడలడానికి సక్సినైల్‌కోలిన్ ఇస్తే, ఇతరులకు కొద్ది నిమిషాల్లో దిగిపోయే మందు వీళ్లకు గంటలతరబడి దిగదు. ఛాతీ కండరాలు కదలవు కనుక అంతసేపూ వెంటిలేటర్ మీద ఉంచాల్సిందే. అలాగని కులం అడిగి తెలుసుకుంటే పనైపోదు. ఆ సమూహంలో ఎక్కువమందికి ఈ లోపం లేదు, ఇతరుల్లో అసలే ఉండదనీ కాదు. జన్యు పరిశోధనలో జాతిని పూర్వీకుల వివరాలకు బదులుగా వాడవద్దని అమెరికా జాతీయ అకాడమీలు 2023లో చేసిన సిఫారసు ఇక్కడా వర్తిస్తుంది. మత్తు డాక్టరు అడగాల్సింది మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత ఊపిరి తీసుకోవడం ఆలస్యమైందా అని. అయిందంటే ముందుగా ఎంజైమ్ పరీక్ష చేయించవచ్చు. ఆ టైము లేకపోతే సక్సినైల్‌కోలిన్ పక్కనపెట్టి రోక్యురోనియం లాంటి మరో మందు వాడవచ్చు.